మనుమల దత్తత - వారసత్వ హక్కులు

తాత, అమ్మమ్మ లేక నాయనమ్మ తమ మనుమడిని గాని, మనుమరాలిని గాని చట్టబద్ధంగా దత్తత స్వీకరించినపుడు ఆ బిడ్డకు కొన్ని హక్కులు సంక్రమిస్తాయి, కొన్ని తొలగిపోతాయి. భారతదేశంలో హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కుల విషయంలో ఈ హక్కులను ప్రధానంగా హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956), హిందూ వారసత్వ చట్టం (1956) నిర్ణయిస్తాయి. మనుమడిని ఇంట ఉంచుకొని పెంచినంత మాత్రాన అది దత్తత కానేరదు. పెంపకం వలన వారసత్వ హక్కు కలుగదు.

పూర్వ చరిత్ర

తాను వివాహమాడకూడని స్త్రీకి జన్మించిన కుమారుని దత్తత తీసుకొనరాదనే నియమం ప్రాచీన హిందూ ధర్మశాస్త్రంలో ద్విజులకు ఉండేది. దీనివలన దౌహిత్రుని, అనగా కుమార్తె కొడుకును, దత్తత తీసుకొనుట నిషిద్ధమైంది. శూద్రులకు ఈ నిషేధం వర్తించలేదు. దక్షిణ భారతదేశపు బ్రాహ్మణులలో మాత్రం దౌహిత్రుని దత్తత ఆచారంలో ఉండగా, 19వ శతాబ్దంలోనే మద్రాసు హైకోర్టు ఆ ఆచారం చెల్లునని గుర్తించింది. 1956 డిసెంబరు 21న అమలులోకి వచ్చిన దత్తత చట్టంలో ఈ నిషేధానికి తావు లేదు.

ఎవరిని దత్తత తీసుకొనవచ్చును

చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, మగబిడ్డను దత్తత తీసుకొనేవారికి ఆనాటికి కొడుకు గాని, కొడుకు కొడుకు గాని, అతని కొడుకు గాని జీవించి ఉండరాదు. కావున కొడుకు కొడుకును ఈ చట్టం క్రింద దత్తత తీసుకొనుట సాధ్యం కాదు. ఆ మనుమడు జీవించి ఉండుటయే అందుకు అడ్డంకి. దౌహిత్రుని విషయంలో ఇట్టి అడ్డంకి లేదు.

ఆడబిడ్డను దత్తత తీసుకొనేవారికి కుమార్తె గాని, కొడుకు కూతురు గాని జీవించి ఉండరాదు. అందుచేత కూతురి కూతురిని దత్తత తీసుకొనుటకు, ఆ బిడ్డ తల్లితో సహా కుమార్తెలెవరూ సజీవులై ఉండకూడదు.

సాధారణంగా బిడ్డ అవివాహితులై, 15 సంవత్సరాలు నిండనివారై ఉండాలి. ఆచారం అనుమతించినచోట ఈ రెండు నియమాలకు మినహాయింపు ఉంది. బిడ్డను ఇచ్చి పుచ్చుకొనుట వాస్తవంగా జరగాలి. దత్తహోమం తప్పనిసరి కాదు.

దత్త కుటుంబంలో హక్కులు

దత్తత జరిగిన నాటినుండి దౌహిత్రుడు తాతకు కుమారుడౌతాడు. కన్నతల్లి చట్టం దృష్టిలో అతనికి సోదరి అవుతుంది. తాత వీలునామా వ్రాయకుండా మరణించినచో ఇతర సంతానంతో సమానంగా అతనికి వాటా లభిస్తుంది.

ఉదాహరణకు, భార్య ముందే గతించిన ఒక వ్యక్తికి ఇద్దరు కుమార్తెలు, ఆరు ఎకరాల స్వార్జిత భూమి ఉన్నాయనుకుందాం. దత్తత లేనిచో కుమార్తెలకు చెరి మూడు ఎకరాలు వస్తాయి. తల్లి జీవించి ఉన్నందున మనుమడికి ఏమీ రాదు. పెద్ద కుమార్తె కొడుకును దత్తత తీసుకొని ఉంటే ముగ్గురికి తలా రెండు ఎకరాలు వస్తాయి. పెద్ద కుమార్తె, ఆమె కన్నకొడుకు కలిసి నాలుగు ఎకరాలు పొందగా, చిన్న కుమార్తె వాటా మూడు నుండి రెండు ఎకరాలకు తగ్గుతుంది. ఇట్టి కుటుంబాలలో దత్తత నిజంగా జరిగినదా అనే అంశంపై వివాదాలు తలెత్తడానికి ఇదే కారణం.

దత్తతకు కొన్ని పరిమితులు కూడా ఉన్నాయి:

* తాత తన స్వార్జితాన్ని విక్రయించుటకు, దానమిచ్చుటకు, వీలునామా వ్రాయుటకు దత్తత అడ్డు కాదు. దత్తత సమయంలో వేరే ఒప్పందం ఉంటే అది వర్తిస్తుంది.
* తాత మరణానంతరం అమ్మమ్మ దత్తత తీసుకొనినచో, అప్పటికే కుమార్తెలకు సంక్రమించిన వాటాలను దత్తపుత్రుడు కోరజాలడు.

జన్మ కుటుంబంలో హక్కులు

కన్న తల్లిదండ్రుల ఆస్తికి సంతానంగా వారసుడయ్యే హక్కు దత్తతతో పోతుంది. దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి మాత్రం అతనిదే. జన్మ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో పంపకం జరగని వాటా ఇట్టి ఆస్తి క్రిందకు వస్తుందా అనే ప్రశ్నపై న్యాయస్థానాలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చాయి. అట్టి వాటా నిలిచి ఉంటుందని 1980 దశకం తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు భావించగా, దత్తతకు ముందు పంపకం జరిగి ఉంటేనే హక్కు నిలుస్తుందని 2023లో తెలంగాణ హైకోర్టు పూర్తి ధర్మాసనం తీర్పు చెప్పింది.

కొడుకు సంతానం

తండ్రిని కోల్పోయిన పౌత్రునికి, పౌత్రికి దత్తత లేకుండానే తాత ఆస్తిలో ప్రథమ శ్రేణి వారసత్వం ఉంది. తండ్రి జీవించి ఉంటే పొందదగిన వాటా ఆ సంతానానికి చెందుతుంది. తల్లిని కోల్పోయిన దౌహిత్రునికి, దౌహిత్రికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. అందుచేత అనాథలైన మనుమల వారసత్వం కొరకు దత్తత అవసరం లేదు.

మతంతో నిమిత్తం లేని బాలల న్యాయ చట్టం (2015) బంధువుల దత్తతను అనుమతిస్తుంది. తల్లి వైపు, తండ్రి వైపు తాత, అవ్వలు కూడా ఇందులో బంధువులే. 2021 సవరణ 2022లో అమలులోకి వచ్చిన తరువాత ఈ చట్టం క్రింద దత్తత ఉత్తర్వులను జిల్లా మేజిస్ట్రేటు జారీ చేస్తారు.

రుజువు

ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు సంతకాలు చేసిన దత్తత పత్రం రిజిస్టరు అయి ఉంటే, దత్తత చట్టబద్ధంగా జరిగినట్లే న్యాయస్థానం భావిస్తుంది. కాదనేవారు దానిని నిరూపించాలి. చెల్లుబాటుగా జరిగిన దత్తతను తాత గాని మరెవరు గాని రద్దు చేయజాలరు. దత్తత పొందిన బిడ్డ కూడా దానిని త్యజించి జన్మ కుటుంబానికి తిరిగి పోజాలడు.