బాట యెవరిది?

అనంతపురమునుండి కృష్ణగిరికి బోవు 42వ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములను మూటిని కలుపుచున్నది. సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన ఈ మిట్టసీమలో గాలి చల్లనిది. సైకిలు త్రొక్కువానికి ఇంతకంటె ననుకూలమైన చోటు రాయలసీమలో నరుదు. అయినను బడి విడిచిన వేళ ఈ బాటప్రక్క నొక గడియ నిలిచి చూడుడు. టమాటాల లారీలును, బెంగుళూరు కార్లును ఒకదాని నొకటి దాటిపోవుచుండగా, తారు అంచున మిగిలిన జానెడు చోటులో మన యాడుపిల్లలు సైకిళ్లపై ఇండ్లకు బోవుచుందురు. ఆ జానెడు చోటైనను వారిదని చెప్పు గీత యొక్కటియు నచట లేదు.

వీథిలో సైకిలుకు వేఱు దారి విడువవలెనా, ఉన్న వెడల్పంతయు కార్లకే యీయవలెనా యను వాదము మహానగరములదే యనియు, చిన్న పట్టణములకు దానితో పనిలేదనియు పలువురు తలంచుచున్నారు. ఈ వాదము పుట్టుక నెఱిగినచో ఆ తలంపు నిలువదు.

నేడు మన మెఱిగిన సైకిలు 1885లో ఇంగ్లండున స్టార్లీ యనువాని కర్మాగారమునుండి వెలువడినది. 1888లో డన్‌లప్ దానికి గాలిచక్రము నమర్చెను. గతుకులులేని బాటలు కావలెనని ఇంగ్లండునను, అమెరికాలోను మొదట సంఘములు గట్టి యడిగినవారు సైకిలువారే. మోటారు తరువాత వచ్చినది. వచ్చి, వారడిగి వేయించుకొన్న బాటను తనదనుకొన్నది.

1934 డిసెంబరులో లండను వెలుపల వెస్టరన్ అవెన్యూ ప్రక్కను ఇంగ్లండులో మొదటి సైకిలుబాటను మంత్రి హోర్ బెలీషా తెఱచెను. దానికి సంతసింపవలసిన సైకిలు సంఘమువారే ఎదురు తిరిగిరి. "మాకు మేలు సేయుటకు గాదు, కార్లకు అడ్డు తొలగించుటకే మమ్ము ప్రక్కకు నెట్టుచున్నారు, నేడు ప్రక్కబాట యిచ్చినవారు రేపు పెద్దబాటపై మాకు హక్కు లేదందురు" అనునది వారి శంక. అది నిర్హేతుకము గాదు.

డచ్చిదేశపు కథ వేఱు. అచ్చట 1971లో బాటలపై మూడువేలకు పైగా ప్రజలు మృతి జెందిరి. అందు నాలుగువందలకు మించి పిల్లలు. తల్లిదండ్రులు వీథులకెక్కి "పిల్లల హత్య నాపుడు" అని మొఱపెట్టిరి. నేటి డచ్చి సైకిలుబాటలకు ఈ యాందోళనము బలమైన పునాది. రెండుచోట్లను బాట యొక్కటే; ఒకచోట కార్లవేగమునకై యిచ్చినది, వేఱొకచోట పిల్లల ప్రాణములకై అడిగి తీసికొన్నది. ఈ భేదము మనము మఱవరానిది.

ఇంగ్లండులో ఆ బాట తెఱచిన 1934 డిసెంబరులోనే మనదేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడినది. మోటారుబండ్లు తిరుగు బాటపై రద్దీవేళ గంటకు 400 సైకిళ్లు పోవుచున్నచో వేఱు బాట వేయవలెననియు, దాని వెడల్పు రెండు మీటర్లకు తగ్గరాదనియు ఆ సంస్థ 1962లోనే నియమము వ్రాసినది. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము బాటను పంచునపుడు బండ్లను గాక మనుష్యులను లెక్కింపవలెనని చెప్పినది. నియమములకు కొదువ లేదు, ఆచరణమే కొఱత.

ఆచరణమున నేమి జరుగునో ఢిల్లీ చూపినది. 2008లో అచ్చట 5.8 కిలోమీటర్ల మేర బస్సులకు నడుమ దారియు, సైకిళ్లకు ప్రక్కదారియు నేర్పఱచిరి. కార్లవారు కోపించి న్యాయస్థానమున కెక్కిరి. 2012లో హైకోర్టు వారి వ్యాజ్యమును కొట్టివేసినను, 2016లో ప్రభుత్వమే ఆ యేర్పాటును తొలగించినది. తీర్పుకంటె కార్లవారి కోపమే బలమైనదయ్యెను.

మన తెలుగునేలపై హైదరాబాదున 2023 అక్టోబరు 1వ తేదీన బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలుబాటను తెఱచిరి. పైకప్పున సూర్యఫలకములు, వానితో 16 మెగావాట్ల విద్యుత్తు! చూడ ముచ్చటైనదే, తెల్లవాఱి వ్యాయామమునకు బోవువారికి మేలైనదే. కాని కూలికి బోవువాడును, కూరగాయలు తెచ్చువాడును త్రొక్కు సైకిలు నగరపు నడివీథులలో నున్నది. కార్లు దేనిని విడువవలసిన పనిలేని చోట బాట వేయుట సులభము. వాదమంతయు ఇఱుకువీథిలో నెవరు జరుగవలెనను దానిపైననే.

"నేడు సైకిలు త్రొక్కువా రెవరు? అందఱకును మోటారుసైకిళ్లు వచ్చినవి గదా" యందురు. 2011 జనగణనలో దేశమున నూటికి 45 ఇండ్ల సైకి లున్నది, అయిదిండ్లనైనను కారు లేదు. పిమ్మట మోటారుసైకిళ్లు మిక్కిలి పెరిగిన మాట నిజమే. కాని బడిపిల్లకు మోటారుసైకి లెక్కడిది? గత దశాబ్దమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము "బడికొస్తా" యను పేర సర్కారుబడుల బాలికలకు సైకిళ్లు పంచినది. బడి దూరమని చదువు మానుకొను పిల్లను సైకిలు మరల బడికి దెచ్చునని 2006లో మొదలైన బీహారు పథకము ఋజువు చేసినది. చేతికి సైకిలిచ్చి, దానిని నడపుటకు చోటీయకుండుట యెట్టి యుపకారము?

"కార్లవారు పన్ను కట్టుచున్నారు" అనునది రెండవ యాక్షేపణ. ఊరివీథులు కారుపన్నుతోనే వేసినవి కావు. ఇంటిపన్ను కట్టువారెల్లరును వానికి ధనమిచ్చినవారే. పూర్వము మన మునిసిపాలిటీలు సైకిలుకును ఏటేట పన్ను గొని బిళ్ల యిచ్చెడివి. రాత్రివేళ దీపము లేనివానికి జరిమానా వేసెడివారు. పన్ను కట్టిన దినములలోనైనను అతనికి వేఱు దారి దొరకలేదు.

మూడవది అంగళ్లవారి మాట: బండ్లు నిలుపు చోటు పోవునని. ఇది కొట్టివేయదగినది కాదు. గీత మాత్రము గీచి గట్టు కట్టని సైకిలుదారి వారము దిరుగకముందే కార్లు నిలుపు చోటగును. కావున బండ్లు నిలుపుటకు వేఱుచోటు చూపి, పిదప గట్టు కట్టవలెను.

2022లో మనదేశపు బాటలపై 1,68,491 మంది మృతులైరి. వారిలో నూటికి అఱువదిమందికి పైగా మోటారుసైకిళ్లవారును, కాలినడకవారును. కారులోనివాని కినుప గోడ యున్నది, వీరికి లేదు.

ఒకప్పుడు పల్లకి వచ్చినపుడు బాటసారులు ప్రక్కకు ఒదిగెడివారు. కొన్ని బాటలపై కొన్ని కులములవారు కాలు మోపరాదనిరి. 1924లో వైకోమున సత్యాగ్రహము చేయవలసివచ్చినది. నేడు పల్లకి లేదు, దాని గర్వము మాత్రము కార్లకు సంక్రమించినది.

చదువరులారా, రహదారిని వెడల్పు సేయుటకు మన యూరికి కొలతగాండ్రు వచ్చిన దినమున ఊరకుండకుడు. బడినుండి ఊరిచివఱ వఱకు ఇరుప్రక్కల రెండేసి మీటర్లు, గట్టుతో గూడ, పటములో నుండవలెనని యడుగుడు. పటములో లేనిది నేలపైకి రాదు. ఆ రెండు మీటర్లు కార్లవారు పెట్టు బిచ్చము గాదు. బడికి బోవు పిల్ల కెన్నడో చెందవలసిన పాలు.