ఏడవ ఏటి అప్పు

సామాజిక న్యాయం అనగానే మనకు ఆధునిక రాజ్యాంగాలు గుర్తుకు వస్తాయి. యూదుల ప్రాచీన గ్రంథాలలోనూ పేదవాడి హక్కు చట్టరూపంలోనే కనిపిస్తుంది. లేవీయకాండం ప్రకారం రైతు పొలం అంచుల్లోని పైరును కోయరాదు, పరిగె ఏరుకోరాదు. అవి పేదలవి, పరదేశులవి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనం, పొలం అంచున విడిచే వాటా 60వ వంతుకు తగ్గరాదని నిర్ణయించింది.

అసలు చిక్కు అప్పుల దగ్గర వచ్చింది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ప్రతి ఏడవ ఏట తోటి ఇశ్రాయేలీయుడి బాకీని వదిలివేయాలి. మరి ఆరవ ఏట చేతిలో డబ్బున్నవాడు ఏం చేస్తాడు? అప్పు ఇవ్వడం మానేస్తాడు. గ్రంథకర్తలు దీన్ని ముందే పసిగట్టారు. అలా నిరాకరించడం పాపమని అదే అధ్యాయంలో హెచ్చరించారు. హెచ్చరికతో పెట్టె తాళం ఊడుతుందా?

ఊడలేదని మిష్నాయే చెబుతోంది. హేరోదు రాజు కాలానికి చెందిన హిల్లెల్ అనే పండితుడు ఈ పరిస్థితిని చూసి 'ప్రోజ్బుల్' అనే పత్రాన్ని ప్రవేశపెట్టాడు. అప్పిచ్చినవాడు తన బాకీలను న్యాయాధిపతులకు అప్పగిస్తున్నట్లు రాసి ఇస్తాడు. న్యాయస్థానానికి చేరిన బాకీ ఏడవ ఏట రద్దు కాదు. అయితే అప్పు తీసుకునేవాడికి ఎంతో కొంత భూమి ఉండాలి. లేనివాడికి ఋణదాతే తన పొలంలో కాస్తంత నేల రాసి ఇవ్వవచ్చునట! చట్టంలోని ప్రతి అడ్డంకికీ ఒక దారి వెతకడం ఇందులో గమనించదగినది.

ఇవి పండితుల ఊహలు మాత్రమే కావు. మృత సముద్రం దగ్గరి మురబ్బాత్ గుహల్లో నీరో చక్రవర్తి రెండవ ఏటి, అంటే క్రీ.శ. 55-56 నాటి అప్పుపత్రం ఒకటి దొరికింది. అది ప్రోజ్బుల్ కాదు. కాని విడుదల సంవత్సరమైనా బాకీ తీరుస్తానని ఋణగ్రస్తుడు అందులో ఒప్పుకున్నాడు. ఆ మాట ఇష్టపూర్వకంగా అన్నాడో, గత్యంతరం లేక అన్నాడో పత్రం చెప్పదు.

హిల్లెల్ చేసింది న్యాయమేనా? పేదవాడికి అప్పు పుట్టింది, నిజమే. కాని బాకీ నుండి విముక్తి పోయింది. బాబిలోనియా తాల్ముద్‌లో ఈ వాదన ఘాటుగా సాగింది. 3వ శతాబ్దపు పండితుడు షమూయేలు దీన్ని న్యాయాధిపతుల అహంకారమన్నాడు. శక్తి ఉంటే రద్దు చేసేవాణ్ణన్నాడు. తరువాతి తరానికి చెందిన నహ్మాను అందుకు పూర్తిగా విరుద్ధం. అవకాశం ఉంటే, పత్రం రాయకపోయినా రాసినట్లే భావించాలని శాసిస్తానన్నాడు.