నివాసపత్రము లేని కష్టజీవి

వానను నమ్మి శెనక్కాయ వేసి, నీరు పడని బోరునకు అప్పు చేసి, ఆ అప్పు తీర్చుటకై ఇల్లాలినో కుమారునో కువైటునకు పంపిన కుటుంబములు పీలేరు, మదనపల్లె, రైల్వే కోడూరు, రాజంపేట ప్రాంతములలో ఎన్నియో కలవు. అట్లు వెళ్ళినవారు పంపిన దీనారములతో లేచిన మిద్దెలను మీరెఱుగుదురు. కాని ఆ వెళ్ళినవారు ఇచ్చట కువైటులో ఏ చట్టమునకు లోబడి బ్రతుకుచున్నారో, వారిలో కొందఱు అక్రమ నివాసులని ఎందుచేత పిలువబడుచున్నారో తెలియవలెనన్న, నేను చిరకాలముగా నివసించుచున్న ఈ దేశపు చరిత్రను కొంత వెనుకనుండి చెప్పుకొనవలసియున్నది.

చమురు వెలువడక పూర్వము కువైటు సముద్రమును నమ్ముకొన్న చిన్న పట్టణము. ఇచ్చటి ఓడలు ఖర్జూరములతో బొంబాయికిని మలబారునకును పోయి, కలపతో మరలివచ్చుచుండెడివి. 1961లో దీనారు పుట్టువఱకు ఇచ్చటి అంగళ్లలో చెల్లినది రూపాయియే. ముత్యములకై కడలి అడుగునకు మునిగెడి కూలివాడు ఓడ నాయకుని వద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఆ ఋణము తీరునందాక మఱియొకని ఓడ ఎక్కు స్వేచ్ఛ లేక, తాను తీర్చలేనిచో దానిని కొడుకునకు మిగిల్చి పోవుచుండెను. 1930 ప్రాంతమున జపాను పెంపుడు ముత్యములు బజారున దిగుటతోను, లోకమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించుటతోను ఆ వృత్తి కూలిపోయినది. ఋణముచేత యజమానికి కట్టుబడిన శ్రామికుని దుఃఖము ఈ నేలకు క్రొత్త కాదనియు, నేటి పౌరుల తాతలే దానిని అనుభవించిరనియు మనము మఱువరాదు.

1938లో బుర్గాన్‌లో చమురు బయల్పడినది. 1946లో ఎగుమతి ఆరంభమైనది. రేవులు, రోడ్లు, బడులు, ఆసుపత్రులు ఒక్కమారుగా కట్టవలసివచ్చెను గాని, కట్టుటకు చాలినంత జనము లేదు. అందుచేత పాలస్తీనా, ఈజిప్టు, ఇరాను, భారతదేశములనుండి పనివారు వచ్చిరి. 1965 జనాభా లెక్కలనాటికే విదేశీయులు సగమునకు మించిరి. తమ దేశములో తామే అల్పసంఖ్యాకులగుదుమను భయము పౌరులలో పుట్టుట సహజమే. 1959లోనే రెండు శాసనములు వెలువడెను: 1920కి పూర్వము స్థిరపడినవారి సంతతికి పౌరసత్వమును పరిమితము చేసినది ఒకటి, విదేశీయుల నివాసమును నియంత్రించినది రెండవది. ఈ రెండవ దానినుండి పెరిగిన పద్ధతియే కఫీల్, అనగా పూచీపడు యజమాని, వ్యవస్థ. ఆకామా, అనగా నివాసపత్రము, కఫీల్ పేరుతో ముడిపడియుండును. అతని ఇల్లు విడిచి పోయిన పనిమనిషిపై పరారీ ఫిర్యాదు పడును, ఆకామా రద్దగును, నిన్నటిదాక సక్రమముగా ఉన్నవాడు నేడు నేరస్థుడగును.

1990 ఆగస్టు 2న ఇరాకు దండెత్తినపుడు లక్షా డెబ్బదివేలకు పైగా భారతీయులు విమానములలో స్వదేశము చేరిరి. యుద్ధానంతరము, ఇరాకు పక్షము వహించిరను ఆగ్రహమునకు గుఱియై, నాలుగు లక్షల పాలస్తీనీయులలో అత్యధికులు ఈ దేశమునకు దూరమైరి. తరతరములుగా బడులలో పాఠములు చెప్పిన జనమునే రాజకీయము అంత త్వరగా తుడిచివేయగలిగినపుడు, వంటింటి పనికత్తె స్థానమెంత బలహీనమో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ ఖాళీని నింపినవారిలో పెక్కుమంది దక్షిణాసియావారే.

అక్రమత్వము ఎట్లు పుట్టుచున్నదో వినుడు. కంపెనీపనికి 18వ నంబరు వీసా, ఇంటిపనికి 20వ నంబరు వీసా. ఈ రెండవదానినే మనవారు ఖాదిం వీసా అందురు. ఏజెంటు మాట నమ్మి, అప్పుచేసి ఆజాద్ వీసా కొన్నవాడు కాగితముపై ఒకనికి సేవకుడు. పని మాత్రము మఱియొకచోట. జీతమందకయో, దెబ్బలకు తాళలేకయో, ఎక్కువ కూలి దొరకుననియో బయటపడినవానిని ఖల్లివల్లి అందురు. వానిని పనికి పెట్టుకొన్నవానికి బీమా భారము లేదు, సెలవు ఇయ్యనక్కఱలేదు, ఫిర్యాదు భయము అసలే లేదు. ఈ లాభము ఉన్నంతకాలము, పోలీసులు ఎన్ని సోదాలు చేసినను, అట్టి శ్రమకు గిరాకి తగ్గదు.

2020లో, కరోనా కాలమున, విదేశీయులను జనాభాలో డెబ్బది శాతమునుండి ముప్పది శాతమునకు తగ్గింపవలెనని ఆనాటి ప్రధాని పలికెను. భారతీయులు పదునైదు శాతమునకు మించరాదను ముసాయిదా శాసనసభలో చర్చకు వచ్చెను. ఆసుపత్రులపై భారము, వీథులలో రద్దీ, పౌరయువకుల ఉద్యోగములు అని తగ్గింపు కోరువారు చెప్పు వాదములను నేను తేలికగా త్రోసిపుచ్చను. కాని ఉద్యోగము చేయు పౌరులలో అధికసంఖ్యాకులు ప్రభుత్వోద్యోగులై, ప్రైవేటు పనులు చాలవఱకు పరదేశీయులపై నిలిచియున్న దేశములో, శ్రమ కావలెను శ్రామికుడు వలదనుట ఆర్థికనీతికిని మానవనీతికిని విరుద్ధము.

మార్పు లేకపోలేదు. 2015 చట్టము ఇంటిపనివారికి రోజునకు 12 గంటల పరిమితిని, వారమునకొక సెలవును ప్రసాదించినది. మఱుసటి యేడు కనీస వేతనము 60 దీనారములని నిర్ణయమైనది. 2018లోను 2024లోను క్షమాభిక్ష ప్రకటించి, జరిమానా లేక స్వదేశమునకు పోవుటకో, జరిమానా చెల్లించి పత్రములు సరిచేసికొనుటకో అవకాశమిచ్చిరి. 2024 జులై 14 నుండి సెప్టెంబరు 12 వఱకు, యజమాని సమ్మతితో ఇంటిపని వీసాను కంపెనీ వీసాగా మార్చుకొనుటకు అనుమతించిరి. క్షమాభిక్ష పాత లెక్కను చెఱుపును గాని, క్రొత్త పరారీని ఆపదు. వీసా మార్పు ఆపగలదు. రెండు నెలల కొఱకు తెఱచిన ఆ వాకిలి యేడాది పొడవున తెఱచియుండవలెననియు, జీతమియ్యని యజమాని సమ్మతి అవసరముండరాదనియు నా దృఢవిశ్వాసము.

మన పక్షమునను కర్తవ్యమున్నది. 1983 వలసల చట్టము మనకు కలదు. ముప్పదియేండ్లు నిండని స్త్రీని ఇంటిపనికి ఇచ్చటికి పంపరాదను నియమము కలదు. ప్రభుత్వసంస్థ ద్వారా పోవు మార్గము కలదు. వీనిని తప్పించి పంపు ఏజెంటును ఊరివారు ఉపకారిగా గౌరవించుచున్నంతకాలము, చట్టము కాగితముపైననే నిలుచును. వీసా నంబరు చదివి, యజమాని ఎవరో జీతమెంతో విచారించి, పాసుపోర్టు నకలు ఇంట ఉంచి పంపుడు. పత్రములు పోగొట్టుకొని తిరిగివచ్చిన బిడ్డను దోషిగా చూడకుడు. విచారింపవలసిన దోషము అమ్మినవానిలోను, కొన్నవానిలోను, ఆ బేరమును సాగనిచ్చిన శాసనములోను ఉన్నది.