చిరివేరు

కలంకారీ వస్త్రముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మనవారు కలమును పొగడుదురు. ఆ కలము పట్టిన చేతి నేర్పును పొగడుదురు. గుడ్డ నడుమ విరిసిన చెట్టును, అంచున బారుతీరిన హంసలను జూచి ఆనందింతురు. కాని ఆ చెట్టు పూవులకు ఎఱుపునిచ్చిన దేదియని అడుగువారు అరుదు. మన తూర్పుతీరమున, ఉప్పుగాలి తగులు ఇసుక నేలలలో, కాలిక్రింద నలిగినను తెలియనంతటి చిన్న మొక్క యొకటి నేల నంటుకొని పెరుగును. ఆకులు సన్ననివి, పూవులు తెల్లనివి, మిక్కిలి చిన్నవి. నేలపై గనబడు భాగమును మాత్రమే చూచినవాడు, ఇది ఖండాంతరముల వర్తకులను మన రేవులకు రప్పించుటలో పాలుగొన్న మొక్కయని చెప్పినచో నవ్వి ఊరకుండును. దాని మహిమ యంతయు నేలక్రింద, నారింజవన్నె గల సన్నని పొడుగాటి వేరులో నున్నది. తెలుగున దానికి చిరివేరని పేరు, అరవమున సాయవేరందురు. ఆ సాయవేరులోని మొదటిముక్కయే తెల్లవర్తకుల నోట బడి 'చాయ్' అయి వారి లెక్కల పుస్తకముల కెక్కినది. మనము త్రాగు చాయతో దానికే చుట్టరికమును లేదు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా యని నామకరణము చేసిరి. మొక్క చిన్నదే గాని వంశము పెద్దది: కాఫీ, కదంబము, మంజిష్ఠ, తొగరు మొదలగునవి దీని జ్ఞాతులు. వీనిలో మంజిష్ఠయు తొగరును చిరివేరువలెనే తమ వేళ్లలో ఎఱుపును దాచుకొన్నవి.

వేరులో రంగున్నంత మాత్రమున అది గుడ్డ కెక్కదు. పట్టు, ఉన్ని రంగును సులభముగా గ్రహించును. నూలు అట్లు గ్రహింపదు. చిరివేరు కాచిన నీటిలో తెల్లని నూలుగుడ్డను ఊరక ముంచినచో వెలవెలబోయిన చాయ యొకటి వచ్చి, రెండు ఉదుకులకే పోవును. గుడ్డకును రంగునకును నడుమ ఉభయులకు బంధువైన మూడవ పదార్థము నొకదానిని నిలుపవలెను. ఈ రహస్యమును మన దేశమువారు ఏ కాలమున గనిపెట్టిరో చెప్పుట కష్టము గాని, మొహెంజొదారో త్రవ్వకములలో వెండిపాత్ర నంటుకొని బయటపడిన నూలుపీలికలో మంజిష్ఠజాతి వేరు రంగు గుర్తింపబడుటచే, నాలుగువేల యేండ్లకు పూర్వమే నూలుపై ఎఱుపు నిలుపు విద్య మనకు కలదని నిశ్చయింపవచ్చును. రోమక పండితుడు ప్లినీ క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఈజిప్టువారి అద్దకమునుగూర్చి వ్రాయుచు, వారు గుడ్డపై కంటికి కనబడని మందులతో వ్రాసి ఒకే రంగు కాగులో ముంచి తీయగా, అది పలువన్నెలతో పైకి వచ్చుటను జూచి అబ్బురపడెను. కాగులోని రంగు ఒకటే. గుడ్డపై పూసిన మందును బట్టి వన్నె మారును. మన అద్దకపువారి విద్యకును మూలసూత్ర మిదియే. ఇంచుమించు ఆ కాలముదే యగు 'పెరిప్లస్' అను గ్రీకు నావికుని గ్రంథమున మసాలియా యను పేర మన కృష్ణాతీరమును, అచట నేయు సన్నని వస్త్రములును ప్రశంసింపబడినవి. ఐనను అందు నేతను గూర్చియే గాని అద్దకమును గూర్చి మాటలేదు గనుక, అంతకుమించి ఆ గ్రంథముచేత మనము చెప్పింపరాదు.

ఆ విద్యయొక్క క్రమమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలన దానిలోని యొక్కొక్క మెట్టును ప్రకృతిధర్మ మొకదానిపై నిలిచినది. మొట్టమొదట నేతగుడ్డలోని గంజి పోవునట్లు ఉదికి, పేడనీట తడిపి, ఎండలో పఱచి తెల్లబఱుతురు. పిమ్మట కరక్కాయలపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు నూలుపోగు నంటుకొని తరువాత రాబోవు పటికను పట్టి యుంచును. పాలలోని వెన్న, వ్రాసిన గీత చెమ్మకు ప్రాకి చెదరకుండ కాపాడును. ఇట్లు సిద్ధమైన గుడ్డపై, ఎఱుపు కావలసిన చోట్ల పటికనీటిని కలముతోనో కొయ్య అచ్చుతోనో ఉంచుదురు. నలుపునకు వేఱు మార్గము: త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది నానవేసి పులియబెట్టిన కషాయముతో గీచినచో, అది కరక్కాయ వగరుతో గలిసి అప్పటికప్పుడే నల్లబడును. ఎఱుపు మాత్రము అట్లు కాదు. పటికనీటికి సహజముగా వన్నె లేదు. కావున వ్రాయుచున్నవాడు తాను వ్రాసినదానిలో సగము మనస్సుననే చూచుకొనవలెను. గుడ్డను పారునీట జాడించి, అధికమైన పటికను పోగొట్టి, చిరివేరు వేసి కాగుచున్న రాగికాగులో దింపినప్పుడు, అంతవరకు దాగియున్న పూవులన్నియు ఒక్కమాఱు ఎఱ్ఱగా మేల్కొనును. పటిక తగులనిచోట్ల అంటిన మురికిచాయ పేడనీళ్లకును ఎండకును క్రమముగా విడిపోవును. పటిక పట్టినచోట రంగు విడువదు. నీలిరంగు కావలెనన్న ఇంకొక శ్రమ: నీలి అక్కఱలేని భాగములన్నిటిని మైనముతో కప్పి గుడ్డను నీలితొట్టిలో ముంచి, మరల వేడినీట మైనమును కరగింపవలెను. వెడల్పైన దుప్పటి యొకటి తయారగుటకు వారములు చాలకపోవుటలో వింత యేమున్నది?

చిరివేరునకు తీరమందలి ఇసుకనేలపై గల ప్రీతి ఇంకను వింతైనది. ఈ వేరులోని రంగుపదార్థము పటికలోని లోహముతో మాత్రమే కలిసినచో వన్నె అంతగా రాణింపదు. సున్నపుపాలు కూడ కొంత చేరినప్పుడే అది నిజమైన ఎఱుపుగా పండును. సముద్రపుటొడ్డు ఇసుకలో గుల్లలు, శంఖములు, నత్తచిప్పలు యుగములుగా పొడియై కలిసియున్నవి. ఆ నేలలో పెరిగిన వేరునకు సున్నము ఉగ్గుపాలతోనే అబ్బినదనవచ్చును. ఒండ్రునేల వేరుకంటె ఇసుకవేరు శ్రేష్ఠమనియు, దున్ని విత్తినదానికంటె తానై మొలచినది మేలనియు అద్దకపువారు అనుభవముచే నెఱిగి బేరమాడిరి. కారణము చెప్పుమన్న వారు చెప్పలేకపోయెడివారేమో. కాని కారణము తెలిసిన రసాయనజ్ఞుడు పుట్టకముందే వారి గుడ్డ ఎఱ్ఱనై యుండెను.

1606వ సంవత్సరమున డచ్చివారు, నేడు నిజాంపట్నమని పిలువబడు పేటపోలి రేవున వర్తకశాల నెలకొల్పిరి. 1611 ఆగస్టులో ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడయు ముందుగా ఆ రేవున ఆగి, పిమ్మట బందరు చేరినది. మన గుడ్డల కొఱకు వీరింతగా పోటీపడుటకు యూరపులోని గిరాకి కారణమని పెక్కుమంది తలంతురు. అది తరువాతి మాట. అప్పటికి వారికి కావలసినవి మలక్కా ఆవలి దీవులలోని లవంగములు, జాజికాయలు, జాపత్రి. ఆ దీవులవారు వెండినాణెములకంటె మన ఎఱ్ఱని అద్దకపుగుడ్డలను ఎక్కువగా కోరిరి. గుడ్డ లేనిదే సంబారము లేదు. కావుననే 1612లో డచ్చి అధికారి హెన్రిక్ బ్రౌవరు చోళమండల తీరమును మొలక్కా దీవుల ఎడమచేయిగా వర్ణించెను. సెలిబిస్ దీవిలోని టొరాజాలు మన దేశపు అద్దకపుగుడ్డలను తరతరములుగా దాచుకొని పవిత్రవస్తువులుగా పూజించిరి. జపానువారు వీనిని సరస యని పిలిచి, చిన్నచిన్న ముక్కలను సైతము తేనీటి ఉత్సవముల సామగ్రికి తొడుగులుగా కుట్టి భద్రపఱచుకొనిరి. 1618 మొదలు 1622 వఱకు బందరున నున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో అచ్చయినది; వజ్రపు గనులను వర్ణించిన ఆ కలమే చిరివేరును గూడ విస్మరింపక, దానితో అద్దిన రంగు గుడ్డ యున్నంతకాలము నిలుచునని మెచ్చుకొన్నది. ఆనాటి పాశ్చాత్యుల గ్రంథములలో వజ్రపు గనుల భాగమునే మనవారు మరల మరల ఉదాహరింతురు. వేరు సంగతి విడిచిపెట్టుదురు. మెఱయు వస్తువునకు పాఠకులెక్కువ. సింహళమున డచ్చివారు ఈ వేరును త్రవ్వించు హక్కును తమ గుప్పిటిలో నుంచుకొనుటను బట్టి, దాని విలువ వర్తకులకు ఎంత తెలియునో గ్రహింపవచ్చును.

యూరపువారి మోజు పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమున ముదిరినది. 1663లో సామ్యూల్ పెపిస్ అను లండను ఉద్యోగి తన భార్య చదువుగది గోడలకు కట్టుటకై చీటిగుడ్డ కొన్న సంగతిని తన దినచర్యలో వ్రాసికొనెను. గోడలనుండి ఆ గుడ్డ పరుపులకును, పరుపులనుండి దొరసానుల పావడలకును ప్రాకుటకు ఎంతో కాలము పట్టలేదు. ఉదికినకొలది వెలిసిపోవు రంగుల నెఱిగిన ఆ దేశమువారికి, ఉదికినకొలది తేటపడు రంగు ఇంద్రజాలమువలె తోచినది. వారి సాలెవాండ్రు గగ్గోలుపెట్టిరి. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును సడలింపలేదు. ఇంగ్లండు 1701 నుండి దిగుమతిని, 1721 నాటి శాసనముచే కట్టుకొనుటను సైతము మాన్పించినది. లండను వీధులలో చీటిపావడ కట్టిన స్త్రీలపై బడి, నేతగాండ్రు వానిని చింపివేసిన దినములును కలవు. నిషేధము మోజును చంపలేదు. గుడ్డను కొననిచ్చుట మాని, చేయు విధమును దొంగిలింపవలెనను కోరికను మాత్రము పెంచినది.

దొంగతనమనిన మాట కఠినమేమో గాని, జరిగినది దానికి దూరము కాదు. 1734 ప్రాంతమున బొల్యూ అను ఫ్రెంచి నావికోద్యోగి పుదుచ్చేరిలో అద్దకపువాని చెంత కూర్చుండి, ప్రతి మెట్టునందును గుడ్డముక్క నొకదానిని కత్తిరించి తన వ్రాతప్రతికి జతపఱచెను. ఆ ముక్కలు నేటికిని పారిస్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నవి. 1742లో కూర్డూ అను జెసూటు మతాచార్యుడు, తనవలన క్రైస్తవము పుచ్చుకొన్న అద్దకపువారి నడిగి తెలిసికొనిన క్రమమును దీర్ఘలేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. సంస్కృతమునకును లాటినునకును గల చుట్టరికమును విలియం జోన్సుకంటె ముందే గుర్తించిన కూర్డూ ఈతడే. తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషలకు నిఘంటువు కూర్చినవాడును ఈతడే. భాషల మూలమును వెదకిన కన్నే రంగుల మూలమును వెదకినది. లేఖ అచ్చయినది, పటిక, కరక్కాయ, పాలు, పేడనీళ్లు అన్నియు బయలుపడినవి. కాని గుల్లలు కలిసిన ఇసుకనేలను లేఖలో చుట్టి పంపుట సాధ్యము కాదుగదా! యూరపువారు తమ మంజిష్ఠతోనే ఆ విద్యను సాధింపవలసివచ్చినది.

సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్సుబరో, 1795లో అచ్చువెలువడిన చోళమండల తీర వృక్షములను గూర్చిన తన మహాగ్రంథపు మొదటి భాగమునందే చిరివేరుకు చిత్రముతోగూడ స్థానమిచ్చెను. ఆ వేరునే ఓడలకెక్కించి ఇంగ్లండులో అమ్మవలెనని జరిగిన యత్నములు నిలువలేదు.

దాని కాలము తీర్చినది మంజిష్ఠ గాదు, కీలు. 1826లో ఫ్రాన్సున రొబికే, కొలాన్ అను నిరువురు మంజిష్ఠ వేరునుండి ఎఱుపుపదార్థమును వేఱుచేసి అలిజరిన్ అను పేరిడిరి. 1868లో బెర్లినున గ్రేబె, లీబర్మన్ అను వారు, రాక్షసిబొగ్గు కీలునుండి దొరకు ఆంత్రసీను అను పదార్థముతో దానినే కృత్రిమముగా తయారుచేసిరి. మఱుసటి యేడు జర్మనీకి చెందిన బాస్ఫ్ సంస్థయు, ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కినును ఒక్కదినపు తేడాతో దానికి హక్కుపత్రములు కోరిరి. పదేండ్లు తిరుగకముందే యూరపులోని మంజిష్ఠచేలు బీళ్లయినవి. మన చిరివేరు బేరమును క్రమముగా అడుగంటినది. బందరు అప్పటికే దెబ్బతిని యున్నది: 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పొంగివచ్చిన ఉప్పెన ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది.

1893లో లీడ్సు నగరమున ఆర్థర్ జార్జి పెర్కిన్, హమ్మెల్ అనువారు చిరివేరును పరీక్షకు తీసికొని, అందలి ప్రధానమైన రంగు అలిజరినేయని తేల్చిరి. మంజిష్ఠలో దానితో కలిసియుండు పర్పురిన్ అను రెండవ రంగు ఇందు వారికి కానరాలేదు. పూర్వపు వర్తకులు చిరివేరు ఎఱుపు నంత గొప్పగా నెన్నుటకు ఇదియు నొక కారణము కావచ్చును. ఆర్థర్ జార్జి, ఆ విలియం హెన్రీ పెర్కిను కుమారుడే. తండ్రి కీలునుండి తీసిన పదార్థమును, కొడుకు ఇరువదినాలుగేండ్లకు మన ఇసుకవేరులో చూచెను.

నేడు పెడనలో అచ్చులవారు కరక్కాయను మానలేదు, గేదెపాలను మానలేదు, పటికను మానలేదు, కాలువనీట జాడించుటను మానలేదు. రాగికాగులో వేయునది మాత్రము అంగడినుండి తెచ్చిన అలిజరిన్ పొడి. ఆ పనివారిలో చిరివేరను మాట వినినవారే యుందురేమో గాని, దానిని త్రవ్వినవారు లేరు. మొక్క మాత్రము ఇప్పటికిని తీరపు ఇసుకలలో మొలచుచునేయున్నది. మేకలు దానిని త్రొక్కుకొని పోవుచున్నవి.