బొంత కుట్టే చేతికి 93వ నంబరు

ఉద్యోగం, ఉపాధి లెక్కలు తీసే సర్కారు సర్వేవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు, ఇంట్లో ఒక్కొక్కరు చేసే పనిని బట్టి ఒక్కో నంబరు వేసుకుంటారు. వేరే పనేదీ లేకుండా ఇంటిపని మాత్రమే చేసుకునే ఆడవాళ్ళకి 92. ఇంటిపనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత ఏరి తెచ్చుకునేవాళ్ళకీ, ఇంటివాడకానికి కుట్టుపని, నేతపని చేసేవాళ్ళకీ 93. ఈ రెండు నంబర్లలో ఏది పడినా ఆ మనిషి పనిచేసేవాళ్ళ లెక్కలోకి రాదు. అంటే మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, వసారాలో పాతచీరలు పరుచుకుని బొంతలు కుట్టిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు, అత్తగార్లు అందరూ 93వ నంబరు మనుషులే.

ఆ మాటకొస్తే వాళ్ళ నోటివెంట వచ్చే జవాబు కూడా అదే. "ఏం చేస్తున్నారు పిన్నిగారూ?" అని గడపలోంచి ఎవరైనా పలకరిస్తే, చేతిలో సూది అలా ఉండగానే, "ఏముందమ్మా, ఖాళీగా ఉన్నా, బొంత కుట్టుకుంటున్నా" అంటారు. ఆ ఖాళీలో ఎంత పని ఉందో ఒకసారి లెక్క వేద్దాం.

చీర పొడవు ఐదున్నర మీటర్లు. మూడు మడతలు వేస్తే ఆరడుగులు, ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత. రెండు చీరలు అలా మడిచి ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆరు పొరలు. బాగా నలిగిన చీర లోపలికి, కాస్త గట్టిగా ఉన్నది పైకి. చిరుగులున్న చోట మాసికలు. ముడత లేకుండా నేలమీద పరిచి, ముందు పెద్దపెద్ద టాకాలు వేసి, ఆ తర్వాత అంచు నుంచి వరసగా కుట్టుకుంటూ రావాలి. వెడల్పు 45 అంగుళాలు అనుకుని అంగుళానికి ఒక వరస వేస్తే 45 వరసలు. ఒక్కో వరస 72 అంగుళాలు. అంగుళానికి రెండు కుట్లే అనుకున్నా మొత్తం 6,480 కుట్లు. అదీ ఒక్క బొంతకి, ఆరు పొరల్లోంచి సూది దించి తీస్తూ, వంగిన నడుము వంగినట్టే ఉండగా.

ఇది మన పత్తినేల చరిత్రలో భాగమే. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి గురించి చెప్పేటప్పుడు ఎకరాలు, క్వింటాళ్ళు, ధరలు, అప్పులు చెబుతారు. పత్తి గుడ్డగా మారి, ఆ గుడ్డ చిరిగి, మళ్ళీ మన ఒంటికింద పరుపుగా మారిన కథ మాత్రం వదిలేస్తారు. ఆ కథంతా ఆడవాళ్ళ చేతుల్లోనే నడిచింది.

మిల్లునూలు రాకముందు నూలు వడికింది ప్రధానంగా ఆడవాళ్ళే. నేసేది సాలెలవాళ్ళైనా, మగ్గానికి కావలసిన నూలు ఇళ్ళలో రాట్నాల మీద తయారయ్యేది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లునూలు చవకగా దిగేసరికి ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆ దారి మూసుకుపోయింది. పత్తి మాత్రం పండుతూనే ఉంది. కాస్త ఎర్రజీర ఉండే మన వైపు పత్తికి వ్యాపారుల భాషలో కాకినాడ పత్తి అని పేరు. పండేది గుంటూరు, కృష్ణా నేలల్లో. ఎగుమతైన రేవు పేరు దానికి నిలిచిపోయింది. పండించిన ఊరి పేరే నిలవనప్పుడు, ఏరిన మనిషి పేరు ఎక్కడ నిలుస్తుంది?

1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం జరిగింది. దక్షిణాది పత్తి ఇంగ్లండు మిల్లులకి అందలేదు. వాళ్ళు మన దేశపు పత్తి మీద పడ్డారు, ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. ఎక్కడో జరిగిన దానికి ఇక్కడి ఇల్లు ఊగిపోవడం మనకి కొత్త కాదన్నమాట. ఆ అమెరికా పత్తినేలలోనూ బొంతలు కుట్టిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి కాసేపట్లో చెబుతాను.

మనకి బొంతతో పాటు దూది పరుపూ ఉంది. దానికి దూదేకులవారు రావాలి. తెలుగే మాట్లాడే ఈ ముస్లిం కుటుంబాలు మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఉన్నాయి. గట్టిపడిన పాత దూదిని వింటి నారికి తగిలించి మీటుతుంటే అది పొగమంచులా విచ్చుకునేది. ఆ టంగు టంగుమనే చప్పుడు గుర్తున్నవాళ్ళు ఇది చదివేవారిలోనూ ఉంటారు. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అంటాం కదా, ఆ ఏకు ఈ ఏకిన దూదే. కానీ దూది పరుపుకి కూలి ఇవ్వాలి, దూది కొనాలి. బొంతకి అదేమీ అక్కర్లేదు. అందుకే పత్తి పండించే ఇంట్లో కూడా పత్తి యార్డుకి పోయేది, ఇంటికి మిగిలేది బొంత. పత్తి ఏరే కూలి ఇంట్లోనైతే సరేసరి. మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి గుంటూరు పల్లెలకి వలస వచ్చే కుటుంబాలకి, తెచ్చుకున్న బొంత పరిచిన చోటే ఇల్లు.

బొంత ఎక్కువగా అవసరమయ్యేది పుట్టిన బిడ్డకి. పొత్తిళ్ళకి కొత్తగుడ్డ పనికిరాదని పెద్దవాళ్ళు అనేవారు. ఏళ్ళతరబడి ఉతికిన నూలుచీరకున్న మెత్తదనం కొత్తగుడ్డకి రాదు, చెమట పీల్చే గుణం అసలే రాదు. చీరాల, మంగళగిరి నేతచీర ఒకటి కట్టుకున్నన్నాళ్ళు కట్టుకుని, ఆ తర్వాత మనవరాలి కిందకి బొంత అయ్యేది. తర్వాత పాలియెస్టరు చీరలు వచ్చాయి. చిరగవు, ఇస్త్రీ అక్కర్లేదు, పొలం పనికి హాయి. కానీ పొరలు జారిపోతాయి, ఒంటికి వేడి. బొంతలు తగ్గిపోవడానికి మన బద్ధకం కారణమని పెద్దవాళ్ళు విసుక్కుంటారు గానీ, సగం కారణం చీరలోనే ఉంది.

ఇక కలిసి కూర్చోవడం. బొంత ఒక్కరే కుట్టవచ్చు గానీ ఇద్దరు ముగ్గురు కూర్చుంటే నాలుగు మూలలూ సమంగా లాగి పట్టుకోవచ్చు. ఈ వారం మీ బొంతకి నేను, వచ్చే వారం మా బొంతకి మీరు. కూలి లేదు, బదులే. ఆ రెండు గంటల్లో ఒక పెళ్ళి సంబంధం, ఒక కోడలి కష్టం, ఒక చేబదులు, అన్నీ తేలిపోయేవి. విదేశాల్లో ఇలాంటి కూటమికి గిల్డు అనీ సంఘం అనీ పేరు పెట్టి, అధ్యక్షురాలిని ఎన్నుకుంటారు. మన దగ్గర దానికి పేరు లేదు, అంతే.

పేరున్న ప్రయత్నాలు లేకపోలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా, 1924లో కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. సింగర్ తన భార్య చేతికుట్టుతో పడుతున్న కష్టం చూసి దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. 1953లో దుర్గాబాయమ్మ అధ్యక్షురాలిగా కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. ఊరూరా మహిళా మండలిలో కుట్టుమిషను కనబడే రోజులు అలా వచ్చాయి. జాకెట్టు కుడితే డబ్బులొస్తాయి. బొంత కుడితే రావు. కుట్టుపని రెండుగా చీలిపోయింది, డబ్బు తెచ్చేది పని అయింది, తెచ్చిపెట్టనిది ఖాళీ అయింది.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వచ్చాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ దశాబ్దంలోనే హైబ్రిడ్ పత్తి మన పొలాల్లో దిగింది. దిగుబడి పెరిగింది, మందుల ఖర్చూ పెరిగింది. కొట్టిందే కొట్టగా పురుగు మందుకి లొంగడం మానేసింది. 1987-88లో తెల్లదోమ, కాయతొలిచే పురుగు కలిసి గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేశాయి. అప్పులు తీర్చే దారిలేక రైతులు ఆ పురుగుమందే తాగారు. ఆ చావుల గురించి రాశారు, కమిటీలు వేశారు. ఆ ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు పిల్లల్ని పెట్టుకుని ఎలా నెట్టుకొచ్చారో తక్కువ మంది రాశారు. అప్పుకి పుస్తకం ఉంది. కొనకుండా గడిపిన దానికి, చిరిగినదాన్ని మళ్ళీ వాడినదానికి పుస్తకం లేదు.

ఆ పుస్తకం కొంతవరకు డ్వాక్రాతో వచ్చింది. 1982లో కేంద్రం మొదలుపెట్టిన ఈ పథకం, నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మన రాష్ట్రంలో బాగా పాకింది. ఆడవాళ్ళు కలిసి కూర్చున్న మాటలకి మొదటిసారి తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా, సంతకం వచ్చాయి.

ఇప్పుడు అమెరికా పత్తినేల సంగతి. అలబామా రాష్ట్రంలో నది వంపులో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా పత్తి పండించినవాళ్ళ సంతతే అక్కడ ఎక్కువ. 1932లో వాళ్ళకి అప్పులిచ్చిన వ్యాపారి చనిపోతే, అతని భార్య బాకీ కింద 60 కుటుంబాల పశువుల్ని, పనిముట్లని, తిండిగింజల్ని తోలుకుపోయింది. మనకి అర్థంకాని కథేమీ కాదు. ఆ ఆడవాళ్ళు చిరిగిన పొలం బట్టలతో బొంతలు కుట్టి చలి కాచుకున్నారు. 1966లో ఓటుహక్కు పోరాటం నడుస్తున్న రోజుల్లో, ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టి బొంతలు అమ్మారు. 2002లో ఆ బొంతలు హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. బొంత మారలేదు, పక్కన కుట్టినామె పేరు రాశారు.

అంతదూరం వెళ్ళక్కర్లేదు కూడా. బెంగాల్లో పాతచీరల బొంతని కాంథా అంటారు. 19వ శతాబ్దంలో మానదాసుందరి అనే ఆమె తన కాంథా మీద తన పేరు దారంతో కుట్టుకుంది. అది కోల్‌కతా గురుసదయ్ మ్యూజియంలో ఉంది. ఉత్తర కర్ణాటక సిద్దీ స్త్రీలు తమ బొంతకి నాలుగు మూలలా మడత ముక్కలు పువ్వుల్లా కుడతారు. ఆ పువ్వు లేకపోతే బొంత బట్టలు లేనట్టేనని వాళ్ళ లెక్క.

మన లెక్కలు మాత్రం నిదానంగా కదులుతున్నాయి. ఇంటి పొలంలో జీతం లేకుండా చేసే పని కూడా పనే అని జనాభా లెక్కల ప్రశ్నలో స్పష్టంగా రాసింది 1991లో. 2019లో జాతీయస్థాయిలో కాలం లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటిపనిలో ఉంటే, ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు! దాన్నే మనం ఖాళీ అంటున్నాం.

93 నంబరుని మనం మార్చలేం. కానీ మనింట్లో మార్చుకోగలిగినవి రెండున్నాయి. బీరువా అడుగున బొంత ఉంటే తీసి ఎండలో వేసి, అందులో ఏ చీర ఎవరిదో తెలిసినవాళ్ళుండగానే అడిగి రాసుకోవాలి. ఇది పెళ్ళిచీర, ఇది పురిటికి పెట్టిన చీర, ఇది తమ్ముడు మొదటి జీతంతో కొన్నది, అని వాళ్ళు అంచు చూసి చెప్పగలరు. ఆ తర్వాత ఒక మూల కుట్టినామె పేరు, సంవత్సరం దారంతో కుట్టాలి. పది నిమిషాల పని.

రెండోది ఇంకా తేలిక. రేపు ఎవరైనా "ఏం చేస్తున్నారండీ?" అని అడిగితే, "బొంత కుడుతున్నాను" అని చెప్పి ఊరుకోవడం. ముందున్న ఆ "ఖాళీగా ఉన్నా" అనే మాట తీసేస్తే చాలు.