చిన్న తెర, పెద్ద కాగితము

చిత్రకారునకు గాని, ఇంజనీరునకు గాని పని బల్ల ఎంత విశాలమైన అంత మేలు. గీయుచున్న పటము నడుమ నుండును. స్కేళ్లు, వృత్తలేఖినులు, రంగులు, పాత నకళ్లు చుట్టును పరచుకొని యుండును. ఇదే పని కంప్యూటరు మీదికి వచ్చినప్పుడు బల్ల కుంచించుకొనిపోయి చిన్న గాజుపలక యైనది. పటమును, పనిముట్లును ఆ పలక మీదనే ఇముడవలెను. పనిముట్లకు చోటిచ్చినకొలది పటమునకు చోటు తగ్గును. గడచిన అరువది యేండ్లుగా డిజైన్ సాఫ్ట్‌వేరు నిర్మాతలు ఈ ఇరుకుతో పెనగులాడుచునే యున్నారు. నేటి కంప్యూటరు తెరపై మనము చూచు రూపములు అనేకము ఆ పెనగులాట నుండి పుట్టినవే.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి 1963లో స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును గూర్చి సిద్ధాంతవ్యాసము సమర్పించెను. ఆయన వాడిన టి.ఎక్స్.-2 యంత్రపు తెరపై గీయుటకు వీలైన భాగము 7 అంగుళముల చదరము మాత్రమే. అయితే సదర్లాండ్ తెరను కాగితముగా భావింపలేదు. పెద్ద కాగితమును చూపు కిటికీగా భావించెను. గుండీలను త్రిప్పి పటమును 2,000 రెట్ల వరకు పెద్దదిగా చేసి చూడవచ్చును. లెక్కకు 7 అంగుళములను 2,000తో గుణించిన 14,000 అంగుళములగును. అనగా కాగితపు ఒక్కొక్క ప్రక్క సుమారు 1,170 అడుగులు, పావుమైలుకు కొంచెము తక్కువ! నేడు జూమ్ అనబడు పద్ధతి ఇదియే. దీనిలో ఒక చిక్కు లేకపోలేదు. ఇల్లంతయు కనబడినప్పుడు తలుపు గొళ్లెము కనబడదు. గొళ్లెము కనబడినప్పుడు ఇల్లు కనబడదు.

రెండవ ఉపాయము కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రూపొందెను. 1973లో అచట నిర్మింపబడిన ఆల్టో కంప్యూటరు తెర నిలువు కాగితమువలె 606 చుక్కల వెడల్పు, 808 చుక్కల ఎత్తు కలది. చుక్కకు ఒక బిట్ చొప్పున ఆ తెరబొమ్మకే సుమారు 60 కిలోబైట్లు కావలెను. యంత్రపు మొత్తము జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. అందు దాదాపు సగము తెరకే చెల్లిపోయినది. తెరను పెంచుట అంత ఖరీదైన పని. అందువలన అలన్ కే, ఆయన సహచరులు తెరపై విండోలను బల్లమీది కాగితములవలె ఒకదానిపై నొకటి పేర్చిరి. అడుగున నున్న కాగితము కొస కనబడిన చాలును, దానిని పైకి లాగవచ్చును.

ఆశ్చర్యమేమనగా, అదే సంస్థ 1981లో విక్రయమునకు తెచ్చిన స్టార్ యంత్రములో విండోలు ఒకదానిపై నొకటి ఎక్కకుండ, పెంకులవలె ప్రక్కప్రక్కన అమరునట్లు చేసిరి. పూర్వపు యంత్రములను వాడినవారు విండోలను సర్దుకొనుటలోనే చాల కాలము గడుపుచుండిరని నిర్మాతలు గమనించుట ఇందుకు కారణము. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ కూడ 1985లో పెంకుల పద్ధతితోనే వచ్చి, 1987లో పేర్పు పద్ధతికి మారెను.

1984 జనవరిలో ఆపిల్ సంస్థ మకింటాష్ వెలువడినది. దాని తెర 9 అంగుళములది. అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలు. దానిపై నడచు మాక్‌పెయింట్ అను చిత్రలేఖన ప్రోగ్రామును బిల్ అట్కిన్సన్ రచించెను. ఎడమప్రక్క పనిముట్లు, అడుగున పూతల నమూనాలు, పైన మెనూ. ఇవన్నియు పోగా బొమ్మకు మిగిలినది 416 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. తెరలో నూటికి 43 వంతులు బొమ్మకు దక్కలేదన్నమాట! బొమ్మ కాగితము 576 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు కలది గనుక, ఒక పర్యాయము దానిలో నాలుగవ వంతు మాత్రమే కనబడెడిది. కాగితమును జరుపుటకు అట్కిన్సన్ ఒక చేతిబొమ్మ నుంచెను. ఆ చేతిపై రెండుమారులు నొక్కిన కాగితమంతయు చిన్నదిగా కనబడును. గొళ్లెము చిక్కునకు ఇది చక్కని పరిష్కారము.

విండోలను పేర్చుటలోని గణితము కూడ అట్కిన్సన్‌దే. పై విండో జరిగినప్పుడు అడుగు విండోలో బయటపడిన భాగమును మాత్రమే మరల గీయవలెను. ఆ భాగము వంకర టింకరగా నుండవచ్చును. దానిలోని చుక్కలన్నిటిని గుర్తుంచుకొనుటకు జ్ఞాపకశక్తి చాలదు. అందుచే అంచు మారుచోట్లను మాత్రమే ఆయన నమోదు చేసెను. జిరాక్స్ వారి యంత్రములో ఇట్టిది చూచితినని ఆయన భ్రమపడెను. నిజమునకు అచట లేని దానిని తానే కనుగొనెను.

ఈ ఇరుకునకు శాస్త్రీయమైన వివరణ 1986లో లభించినది. జిరాక్స్ పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ ఒక పోలిక చూపిరి. కంప్యూటరులో వేగవంతమైన జ్ఞాపకశక్తి చాలనప్పుడు యంత్రము సమాచారమును అటునిటు మార్చుకొనుటలోనే కాలము వ్యయపరచి అసలు పనిని మరచును. తెర చాలనప్పుడు మనిషికిని అదే గతి. అయితే ఒక పనికి ఒక సమయమున కావలసిన విండోలు కొన్నియే. ఆ కొన్నిటిని ఒక గదిలో నుంచి, వేరొక పనికి వేరొక గదికి పోవునట్లు వారు రూమ్స్ అను ప్రోగ్రామును నిర్మించిరి. డిజైన్ సాఫ్ట్‌వేరులో ఫొటో దిద్దుటకు ఒక అమరిక, అక్షరములు కూర్చుటకు మరియొక అమరిక యుండుటలోని తర్కమిదే.

అడోబీ సంస్థ 1994లో ఫొటోషాప్ మూడవ కూర్పున పనిముట్ల పలకలను దస్త్రముల చెవులవలె ఒకదాని వెనుక నొకటి చేర్చి, ఒక పలక చోటులో మూడు నాలుగు పలకలను ఇమిడ్చెను. దీనిపై 1996లో పేటెంటును పొందెను. 2000లో మాక్రోమీడియా సంస్థపై దావా వేయగా, 2002 మేలో జ్యూరీ అడోబీకి 28 లక్షల డాలర్లిప్పించెను. కొలది దినములకే మాక్రోమీడియా ఎదురు వాదనలో వేరొక జ్యూరీ అడోబీచేత 49 లక్షల డాలర్లు చెల్లింపుమనెను. ఆ జూలైలో ఉభయులును రాజీపడిరి. కచేరీలలోని గుమాస్తాలందరు ఎరిగిన దస్త్రపు చెవికి యజమాని యుండుట విడ్డూరమే!

ఉచితముగా లభించు గింప్ అను చిత్ర ప్రోగ్రాములో పటము, పనిముట్లు వేర్వేరు విండోలుగా నుండెడివి. రెండు తెరలున్నవారికి అది అనుకూలము. ఒక చిన్న తెర గలవారికి మాత్రము ప్రయాస. 2012లో అన్నిటిని ఒకే విండోలో చేర్చు వీలు కల్పించిరి. 2018లో వచ్చిన 2.10 కూర్పున అదియే మొదట కనబడు పద్ధతియైనది. పాత పద్ధతిని కోరువారికై దానిని కూడ అట్లే యుంచిరి.