భీముని కొలను ఎక్కుడు: నడిగడ్డ నుంచి శ్రీశైలానికి కాలిబాట

భీముని కొలను నల్లమలలోని ఒక లోతైన లోయ. ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచే పాత దారి ఈ లోయలోకి నిట్టనిలువున దిగుతుంది. అడుగున నీటి మడుగును దాటి, ఎదుటి కొండ మీదికి మళ్ళీ అంతే నిలువున ఎక్కుతుంది. ఎక్కుడు ముగిసే చోటుకు కైలాసద్వారం అని పేరు. భీముడు గదతో మోదితే కొండ చీలి నీరు పుట్టిందని యాత్రికులు చెప్పుకుంటారు. ఆ చీలిక వాగుల పని. నల్లమల పైపొరల్లోని క్వార్ట్‌జైట్ రాయి చాలా గట్టిది. నీటి ఒరిపిడికి తొందరగా అరగదు, పగుళ్ళ వెంట పలకలు పలకలుగా విరిగిపడుతుంది. అందుకే ఇక్కడి లోయల అంచులు వాలుగా కాక గోడల్లా నిలబడి ఉంటాయి.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ వారికి, అంటే గద్వాల, ధరూర్, ఆలంపురం ప్రాంతాల వారికి, ఇలాంటి నేల కొత్త. ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర, ఇప్పుడు జూరాల ఆనకట్ట ఉన్న చోట, కృష్ణ బండల మీద వెడల్పుగా పరుచుకుని పారే ఏరు. గట్టు మీద నిలబడితే నీరు కళ్ళెదుటే ఉంటుంది. అదే కృష్ణ సంగమేశ్వరం దాటి నల్లమలలో చొరబడ్డాక కొండల అడుగున ఎక్కడో పారుతుంది. శ్రీశైలం దగ్గర దానికి పాతాళగంగ అనే పేరు నిలిచిందంటే, పైనుంచి చూసినవారికి అది ఎంత లోతున కనిపించి ఉంటుందో ఊహించవచ్చు.

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారక్షేత్రాలను చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట ఆలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నడిగడ్డ యాత్రికులది పడమటి ద్వారం. ఆలంపురంలో జోగులాంబను, బ్రహ్మేశ్వరులను కొలిచి, తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరితే వెంకటాపురం దగ్గర అడవి మొదలవుతుంది. అక్కడినుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం, ఆపైన శ్రీశైలం. నాగలూటిలో వీరభద్రుడి గుడి, పెచ్చెరువులో చెంచుగూడెం తప్పితే ఈ దారిలో ఊరన్నది లేదు. దారి తెలిసినవారూ, ఏ వాగులో ఏ నెలలో నీరుంటుందో చెప్పగలిగినవారూ చెంచులే. శ్రీశైలం దేవుడు మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా భావించే చెంచులు ఆయన దగ్గరికి పోయేవారికి తోడు నడిచారు.

దారి ఎంత పాతదో చెప్పడం కష్టం కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అనే భాగంలో శివరాత్రికి శ్రీశైలం తరలిపోయే జనం గురించి రాశాడు. శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, ఎక్కడమే ఒక వ్రతమన్న భావన అప్పటికే స్థిరపడింది. తర్వాతి శతాబ్దంలో రాజులు ఆ ఎక్కుడుకు రాయి పరిచారు. కొండవీటి రెడ్డి రాజ్యాన్ని నిలిపిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యంతోనే ఎక్కువగా గుర్తుండిపోయాడు. విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగ మెట్లు కట్టించింది. గోపురాలు కట్టించినవారి పేర్లు అందరూ తలుస్తారు. కాని ముసలివాళ్ళూ చంటిబిడ్డల తల్లులూ మల్లన్నను చూడగలిగారంటే అది ఈ మెట్ల చలవే.

ఈ దారిన నడిచిన అనుభవాన్ని తెలుగు వచనంలో నిలిపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, అహోబిలం చూసుకుని, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళివచ్చాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో ఈ మజిలీలన్నీ ఉన్నాయి. అప్పుడు ఆ సీమ కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది, యాత్రికుల నుంచి పన్ను వసూలయ్యేది. అలసిన కాళ్ళకు తోడు ఆ భారమూ మోయవలసి వచ్చేది. 1839లో ఈస్టిండియా కంపెనీ ఆ రాజ్యాన్ని కలుపుకోవడంతో నవాబుల కాలం ముగిసింది. వీరాస్వామయ్య శ్రీశైలం నుంచి తిరిగివచ్చి, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు వైపు సాగాడు.

లోయ దగ్గరి కష్టం మాత్రం ఏలికలు మారినా మారలేదు. శివరాత్రి నాటికి నల్లమల ఆకు రాల్చి ఉంటుంది. నీడ ఉండదు, కాలి కింద ఎండుటాకు జారుతుంది. పెచ్చెరువు దాటి వచ్చినవారు ముందు దిగాలి. ఆ మెట్లు ఒకే ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, మరొకటి మోకాలెత్తు. దిగుతున్నంతసేపూ ఎక్కవలసిన కొండ కళ్ళకు ఎదురుగానే ఉంటుంది, దాని మీద ముందు వెళ్ళినవారు చీమల బారులా కనిపిస్తారు. అడుగున మడుగు దగ్గర ముఖం కడుక్కుని, సద్ది విప్పి, సొరబుర్రల్లో నీళ్ళు నింపుకుంటారు. ఎక్కుడులో మళ్ళీ నీటిచుక్క దొరకదు కనుక తెలిసినవారు ఎండ ముదరకముందే బయలుదేరతారు. తొందరపడి గబగబా ఎక్కినవాడు సగంలోనే కూలబడతాడు. పది మెట్లెక్కి ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ పది మెట్లెక్కేవాడు పైకి చేరతాడు.

ఆ మెట్ల మీద ఎడతెగకుండా వినిపించే కేక ‘చేదుకో మల్లన్నా’. చేదడమంటే బావిలోంచి చేంతాడుతో బిందెను పైకి లాగడం. బావి లాంటి లోయలో నిలబడి, ఇక కాళ్ళవల్ల కాదనుకున్న మనిషి దేవుణ్ణి అడగడానికి ఇంతకంటే సరైన మాట తెలుగులో లేదు.

శివరాత్రికి తెలుగువారు ఎక్కువైతే, ఉగాదికి కన్నడిగులు ఎక్కువ. రాయచూరు, బళ్ళారి, బిజాపూరు, ఇంకా పైనుంచి వీరశైవ భక్తులు కంబి అనే కావడిని భుజాన వేసుకుని రోజుల తరబడి నడిచి వస్తారు. మల్లన్న దేవేరి భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని చీర, సారె తెస్తారు. కొందరు కర్రకాళ్ళు కట్టుకుని మరీ నడుస్తారు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కల్యాణం నుంచి శ్రీశైలం చేరిందన్న తలపు వారి నడకకు బలం. వీరు సాగే దారుల్లోని ఊళ్ళలో చలివేంద్రాలు పెట్టడం, అన్నం వడ్డించడం ఇప్పటికీ ఉన్న ఆచారం.

ఉత్తరాన అమ్రాబాదు వైపునుంచి వచ్చేవారికి కష్టం మరో తీరు. వారు కృష్ణ లోయలోకి దిగి, పుట్టిలో ఏరు దాటి, పాతాళగంగ మెట్లెక్కాలి. 1960లో మొదలై 1981లో ముగిసిన శ్రీశైలం ఆనకట్ట ఆ లోయను నీటితో నింపింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులకు చేరినప్పుడు కింది మెట్లు మునుగుతాయి, కనుక పాతాళగంగ ఎక్కుడు పొట్టిదైంది. ఘాట్ రోడ్లు, బస్సులు వచ్చాక నడక తప్పనిసరి కాకుండా పోయింది. భీముని కొలను లోతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఈ అడవి 1983 నుంచి పులుల అభయారణ్యంలో భాగం. అందువల్ల శివరాత్రి, ఉగాది రోజుల్లోనే యాత్రికులను కాలిబాటన వదులుతారు. ఆ రోజుల్లో కైలాసద్వారం దగ్గర నీళ్ళ ట్యాంకులు, వైద్య శిబిరాలు పెడతారు. ఉత్సవం ముగిశాక మెట్ల మీద మళ్ళీ ఎండుటాకు పరుచుకుంటుంది.